మైకు ఆగాక అడిగిన మాట

ఆవిడ శాసనసభలో షార్ట్‌హ్యాండ్ రిపోర్టరు. సభలో ఎవరేం మాట్లాడినా పొల్లుపోకుండా రాసుకోవాలి. పది నిమిషాలకొకరు వంతు మారతారు. వంతు అవగానే వెనక గదిలోకి పోయి ఆ గీతలన్నీ మాటలుగా టైపు చేసి, మళ్లీ పిలిచేలోపు వచ్చి కూర్చోవాలి. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఇంట్లో ఎవరైనా వాదులాడుకుంటుంటే ఆవిడ వేళ్లు బల్ల మీద వాటంతటవే కదిలేవి. "మన మాటలు కూడా రికార్డుకెక్కుతున్నాయర్రా, జాగ్రత్త" అని భర్త నవ్వేవాడు.

సముద్రం ఒడ్డున ఆరు అణు రియాక్టర్లు కడతారని సభలో చర్చ మొదలైతే ఆవిడ అన్ని చర్చల్లాగే రాసుకుపోయింది. మంత్రి పటం పరిచిన రోజున గానీ తెలియలేదు, ఆ ఒడ్డు తన పుట్టింటిదని. అన్నయ్య ఇంకా అక్కడే ఉప్పుమడులు చేసుకుంటున్నాడు.

ప్రజాభిప్రాయం తీసుకోవడానికి అక్కడి బడిలో సభ పెట్టారు. రాసేవాళ్లు చాలక ఆవిడనే పంపారు. మనిషికి రెండు నిమిషాలు. అన్నయ్యది నలభై మూడో పేరు. పుట్టి బుద్ధెరిగి మైకు పట్టుకున్నవాడు కాదు. పెద్దలందరికీ దణ్ణాలు పెట్టాడు, పిలిచి అడుగుతున్నందుకు ధన్యవాదాలన్నాడు, తండ్రి పేరు, తాత పేరు చెప్పాడు. అసలు సంగతికొచ్చేసరికి రెండు నిమిషాలూ అయిపోయి మైకు ఆగిపోయింది. అయినా అన్నయ్య ఆగలేదు.

"రియాక్టర్ని చల్లబరిచిన నీళ్లు సముద్రంలోకి వదులుతారంట కదా, ఏ పక్కన వదులుతారు? మేం మడుల్లోకి నీళ్లు పెట్టుకునే కాలవ ఎక్కడుందో తమరెప్పుడైనా చూశారా?"

వెనక వరసలకి వినపడలేదు. మూడడుగుల దూరంలో ఉన్న ఆవిడకి అక్షరం అక్షరం వినపడింది. అంతా రాసింది.

మర్నాడు పెద్ద రిపోర్టరు ఆ కాగితం ఆవిడ ముందు పెట్టాడు. మంచివాడే. "నువ్వు రాసింది అబద్ధమని ఎవరంటారమ్మా? మైకులో పడనిది రికార్డు కాదు, నీకు తెలియనిదా" అన్నాడు. ఆ నాలుగు వరసలూ తీసేసి, 'అంతరాయం' అన్న ఒక్క మాట పెట్టి, ఆవిడే మళ్లీ టైపు చేసింది.

నెల తిరక్కుండా మంత్రి ఆ రికార్డు తెరిచి సభలో చదివాడు. వ్యతిరేకత ఎక్కడుందని అడిగాడు. ఉప్పు రైతు ఒకాయన స్వయంగా ధన్యవాదాలు చెప్పుకున్నాడన్నాడు. బల్లలు చరిచారు. అప్పుడు వంతు ఆవిడదే. ఒక్క గీత తప్పకుండా రాసుకుపోయింది. దానికే ఎక్కువ సిగ్గేసిందని తర్వాత భర్తతో చెప్పుకుంది.

ఆ వారం అన్నయ్య ఫోన్ చేశాడు.

"నువ్వక్కడే కూర్చున్నావుగా చెల్లీ. నేనడిగింది విన్నావా, లేదా?"

"విన్నాను అన్నయ్యా."

"సరేలే, నీ ఉద్యోగం నీది" అని పెట్టేశాడు. తిట్టుంటే బావుండేది.

మడులూ ఇళ్లూ తీసుకున్నారు, కంచె వేశారు. ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారింది. నిన్నటిదాకా రియాక్టర్లు వద్దని గొంతు చించుకున్నవాళ్లు ఇటు కూర్చుని వెలుగులు, ఉద్యోగాలు అన్నారు. కావాలన్నవాళ్లు అటు కూర్చుని ప్రజల ప్రాణాలన్నారు. పాత వాక్యాలే, పేర్లు మారాయంతే. ఆవిడ కళ్లు మూసుకుని రాయగలిగేది. ఒకసారి ధైర్యం చేసి, ప్రతిపక్షంలో కొత్తగా గెలిచిన సభ్యుడికి అన్నయ్య ప్రశ్నని చీటీ మీద రాసిచ్చింది. ఉద్యోగం పోయే పనే. అతను చదివి, మర్యాదగానే తిరిగిచ్చాడు. కాలవ సంగతి మరీ చిన్నదట, పేపరువాళ్లు పట్టించుకోరట.

తొమ్మిదేళ్లయింది. రియాక్టర్లు అమ్మే కంపెనీతో బేరం కుదరలేదు, ఒక్క ఇటుకా లేవలేదు. ప్రాజెక్టు రద్దూ కాలేదు. కాబట్టి కంచె తియ్యరు. నీళ్లు పెట్టేవాళ్లు లేక మడులన్నీ పిచ్చిమొక్కలతో నిండిపోయాయి.

అన్నయ్యకి ఊరికి దూరంగా ఒక గది ఇచ్చారు. ఎక్కడినుంచో లారీల్లో వచ్చే ఉప్పుని షెడ్డులో సంచులకెత్తుతున్నాడు. మొన్న ఆవిడ చూడ్డానికి వెళ్తే, ఇంకా ఆ చర్చ నడుస్తోందా అని అడిగాడు. ఈ సమావేశాల్లో కూడా రెండు రోజులు పెట్టారంది.

"ఏమంటున్నారు?"

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. అతను వింటూ వింటూనే కూర్చున్నచోట నిద్రపోయాడు.