సున్నపు గీతలు చూసి మూటలు కట్టారు

పని తప్పించుకోవడానికే ఆ కుటుంబాలు పారిపోయాయని నారాయణఖేడ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. అక్కడ ఉన్నది నేను, చెప్పేవాళ్ళు కాదు.

నిజాం ఏలుబడిలో, నేను కాలేజీ చదువు ముగించి వచ్చిన కొత్త. భూములు పోయి, నిలువ నీడ లేక వచ్చినవాళ్ళకు ఊరి చివర మేం కొందరం గుడిసెలు వేయించాం. వాళ్ళ బతుకుతెరువుకు పక్కనే ఉమ్మడి కూరతోట తలపెట్టాం. ఎవరి మడి ఎక్కడో తెలియాలని ఒక సాయంత్రం నేనే సున్నంతో గీతలు పోయించాను.

తెల్లారి వెళ్తే గుడిసెలన్నీ ఖాళీ. పరుగెత్తి కల్హేర్ బాటలో అందుకున్నాను. అందరి నెత్తినా మూటలే.

"ఏడికి సాయవ్వా? గీ మూటలేంది?" అన్నాను, ముందు నడుస్తున్న ముసలామెతో.

"నువ్వు ఎల్లగొట్టకముందే పోతున్నం అమ్మా. మా ఊళ్ల దొర మనుషులు గిట్లనే సున్నం పోసిండ్రు. తెల్లారి ఇండ్లు కూలగొట్టిండ్రు."

"అవి వంకాయ మడులు సాయవ్వా. నా మీద నమ్మకం లేదా?"

"నీ మీదుంది. సున్నం మీద లేదు."

అప్పటికప్పుడే వాళ్ళను వెంటబెట్టుకుని వెనక్కి వచ్చి, వాళ్ళు చూస్తుండగా గీతలన్నీ చీపురుతో చెరిపేశాను. ఒక్కొక్కరే మూటలు దింపారు. తర్వాత గట్లు వాళ్ళే వేసుకున్నారు, తోట కాసింది. సాయవ్వ మాత్రం ఆ బాట వదిలి మాతో వెనక్కి రాలేదు, ఆ తర్వాత కనబడనూ లేదు.

తోట గురించి నన్ను మెచ్చుకునేవాళ్ళను నేను అడిగేది ఒకటే. ఆ ముసలామె మూట ఏ ఊళ్ళో దించింది?