ముప్పై ఎనిమిది అడుగుల దూరం

మా ఇంట్లో పడకగది నుంచి పెరట్లో స్నానాలగదికి ముప్పై ఎనిమిది అడుగులు. వీధి వసారాలో కుర్చీ దగ్గర్నుంచి మలుపులో ఉన్న కొట్టుకి నూట పది. నా అడుగులు కావు ఇవి. మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చిన మా అమ్మాయి ఏడో నెలలో వేసిన అడుగులు. కొట్టు దాకా వెళ్లి వచ్చిన రోజున మంచినీళ్లు తాగి మామూలుగా కూర్చునేది. స్నానాలగదికి వెళ్లి వచ్చినప్పుడు మాత్రం మంచం పట్టె పట్టుకుని కళ్లు మూసుకునేది. ఎక్కువ నడిస్తే తక్కువ నొప్పి, తక్కువ నడిస్తే ఎక్కువ నొప్పి. ఇదెక్కడి లెక్కో నాకు అంతుపట్టలేదు.

నేను ఏడో తరగతితో ఆగిపోయాను. లెక్కలు నాకు లేసు అల్లడంలో వచ్చాయి. ఈ రాజోలు వైపు నా వయసు ఆడవాళ్లలో చాలామంది చేతిలో కొక్కెం సూది ఉండేది. వరసకి ఇన్ని ముళ్లని లెక్క. ఒక్క ముడి తప్పితే బల్లగుడ్డ ఒక పక్కకి లాగేస్తుంది. అప్పుడు వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్లి, తప్పు దొరికిన చోట విప్పాలి. ఏది పాడైనా బాగుచెయ్యడానికి నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

నొప్పి పొత్తికడుపు కింద, ముందువైపు ఎముక దగ్గర. "లోపల టిక్కుమంటోందమ్మా, రెండు ముక్కలుగా విడిపోతున్నట్టుంది" అనేది. నేను ఇద్దర్ని కన్నాను, ఇలాంటిది ఎరగను. స్కానింగులో బిడ్డ బరువు బాగుంది, రక్తం బాగుంది, బీపీ బాగుంది. కాగితం మీద అన్ని అంకెలూ సరిగ్గా ఉన్నాయి. పిల్ల మాత్రం మంచం మీద పక్కకి తిరగాలంటే ఏడుస్తోంది.

మా అత్తగారికి ఇందులో అనుమానం లేదు. "నడవాలి. నేను నెలలు నిండేక కూడా వడ్లు దంపేను" అన్నారు.

సరే అని రోజుకి పది అడుగులు పెంచాను. కేలండరు గడిలో పెన్సిలుతో రెండు అంకెలు వేసేదాన్ని. ఒకటి అడుగులు, రెండోది నొప్పి.

"ఇవాళ పదికి ఎంత?"

"నిన్నెంత చెప్పేను?"

"ఆరు."

"అయితే ఆరే వేసుకో."

"నిన్నటిది చూసి చెప్పకూడదే."

"నెప్పికి మార్కులేంటమ్మా. నువ్వొచ్చి ఇక్కడ పడుకో, నీకెంతొస్తే అంత వేసుకో."

వసారాలోంచి మా అత్తగారు అందుకున్నారు. "ఆ కడుపులోది పుట్టేక కేరుమనదు, రెండో ఎక్కం చదువుతుంది చూడండి."

అడుగులు పెంచితే లాభం లేదని తగ్గించాను. మూడు రోజులు కొట్టుకి పంపలేదు, గదిలోనే పడుకోబెట్టాను. ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది. కేలండరు ముందు నిలబడి ఆ మూడు అంకెల్నీ చాలాసేపు చూశాను. విశ్రాంతికి నొప్పి పెరుగుతుందని ఎవరికి చెప్పను?

నాలుగో రోజు పొద్దున్న నడవాలో కేక వినపడి పరిగెత్తాను. పిల్ల గడప దగ్గర ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి ఆగిపోయింది. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుంది. ముందుకి రాలేదు, వెనక్కి పోలేదు. నడుం పట్టుకుని మెల్లగా ఇవతలికి తెచ్చాను.

"కాలే ఎత్తలేకపోతున్నానమ్మా. రేపు కాన్పెలా అవుతుంది?"

కేలండరు కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాను.

మర్నాడు ఆటోలో అమలాపురం వెళ్లాం. డాక్టరుగారు చూసి ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి మా పిల్లని పడుకోబెట్టి లేపింది, నాలుగు అడుగులు నడిపించింది. ఈ నెలల్లో అక్కడి కీళ్లు వదులవుతాయని, కొందరికి ఇలా వస్తుందని, బిడ్డకేమీ కాదని చెప్పింది. కాన్పు సంగతి మా పిల్లే అడిగింది.

"చాలామందికి మామూలుగానే అవుతుందండి. పక్కకి తిరిగి పడుకుని కూడా కనొచ్చు. ఈ నెప్పుందని ముందే డాక్టరుగారికి చెప్పి ఉంచండి."

నేను సంచీలోంచి కేలండరు కాగితం తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి నవ్వలేదు, శ్రద్ధగా చూసింది.

"బానే లెక్కెట్టేరండి, ఆంటీ. కానీ ఎంత నడిచిందని కాదండి. కాళ్లు ఎంతెడం చాపింది, ఒంటికాలి మీద ఎన్నిసార్లు నిలబడింది, అది చూడాలి. ఇంట్లో మెట్లున్నాయాండి?"

"లేవండి. డాబా కూడా లేదు, పెంకుటిల్లు."

"ఆయ్. మెట్లుంటే మటుకు ఒక్కోటీ ఎక్కి, రెండు పాదాలూ కలిపి, అప్పుడు రెండోది ఎక్కాలండి."

మోకాళ్లు కలిపి పక్కకి తిరగడం, కూర్చుని బట్టలు తొడుక్కోవడం, కాళ్ల మధ్య తలగడ, తుంటి చుట్టూ కిందకి కట్టే బెల్టు. అన్నీ రాసుకుని వచ్చి, రాసుకున్నట్టే చేశాం. రెండు రోజులు ఆరు. మూడో రోజు మళ్లీ ఎనిమిది.

ఇక వెనక్కి లెక్కపెట్టాల్సిందే అనుకుని నడవాలో పీట వేసుకుని కూర్చున్నాను. పిల్ల గదిలోంచి వచ్చింది. ద్వారబంధం పట్టుకుని, కుడికాలు ఎత్తి, గడప దాటించి అవతల ఎక్కడో పెట్టింది. పెదవి కొరుక్కుంటూ రెండో కాలు లాక్కుంది. అలా మూడు గడపలు. మా ఇంటి గడపలు పాతకాలపువి. జానెడు ఎత్తు, అంతే వెడల్పు. వీధి వసారాకి మాత్రం స్కూటరు దిగడానికి సిమెంటుతో వాలు పోయించాం. వసారా కుర్చీ నుంచి కొట్టుకి వెళ్లే దారిలో దాటవలసిందేమీ లేదు.

గడప తొక్కకూడదు. నాలుగేళ్లప్పుడు ఇది గడప మీద నిలబడి ఊగుతుంటే తొడపాశం పెట్టింది నేనే. ఆ తర్వాత పరిగెత్తేటప్పుడు కూడా దాని కాలు గడపకి తగలడం నేను చూడలేదు. రోజుకి పన్నెండుసార్లు పెరట్లోకి వెళుతోంది. పోనూ రానూ ఇరవై నాలుగు. మూడు గడపల చొప్పున డెబ్బై రెండు. గదిలో పడుకున్న రోజుల్లో మంచినీళ్లు ఎక్కువ తాగించాను, ఇంకా ఎక్కువసార్లు వెళ్లి ఉంటుంది. నా కేలండర్లో ఇవన్నీ ఒక్కో అడుగే. మెట్లు లేవండి అని చెప్పి వచ్చాను.

"గడప మీద కాలేసి ఎక్కవే. రెండు పాదాలూ కలిపి, అప్పుడు దిగు."

అది నావంక చూసింది. "నువ్వేనా చెప్తున్నావు?"

"నేనే."

"మామ్మ చూస్తే?"

మామ్మ అప్పటికే చూస్తున్నారు. "ఏవమ్మాయ్, గడప తొక్కిస్తున్నావా?"

"దాటలేకపోతోందండి అత్తయ్యగారూ."

"అయిదుగుర్ని కన్నాను. దాటేను."

"ఆయ్" అన్నాను. పిల్ల పాదం గడపకి రాసిన పసుపు మీద పడింది. తప్పు చేస్తున్నానో, తప్పు దిద్దుతున్నానో తెలియలేదు. పిల్లకీ తెలిసినట్టు లేదు. మామ్మ కనపడితే దాటేది, కనపడకపోతే ఎక్కేది. కేలండర్లో ఏడు, అయిదు, ఎనిమిది, అయిదు.

శుక్రవారం వచ్చింది. గడపలు కడిగి పసుపు రాయడం ఎప్పుడూ అత్తగారి పనే. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆవిడ మూడో గడప దగ్గర లేచి నిలబడుతున్నారు. రెండు చివర్లా పసుపు, కుంకుమ బొట్లు. మధ్యలో రెండు పాదాలు పట్టేంత మేర ఉత్త చెక్క. వెనక్కి తిరిగి చూశాను. మిగతా రెండూ అలాగే ఉన్నాయి.

ఆవిడే చెయ్యి తుడుచుకుంటూ అన్నారు.

"పసుపు తడి మీద కాలేస్తే జారదూ? అసలే ఒట్టి మనిషి కాదు."

పిల్ల ద్వారబంధం పట్టుకుని ఎక్కింది. రెండు పాదాలూ కలిపి ఆ ఖాళీలో కాసేపు నిలబడింది. తర్వాత మెల్లగా పెరటివైపు దిగింది. మామ్మ తల తిప్పుకోలేదు, చివరిదాకా చూశారు.

సాయంత్రం అడిగితే నాలుగు అంది. బెల్టు వల్లా, తలగడ వల్లా, గడప వల్లా, శుక్రవారం వల్లా? దేనికి ఎంత వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. గడిలో నాలుగు వేశాను. అడుగుల అంకె వెయ్యలేదు.