చార్టు ఒప్పజెప్పిన కన్ను

దేశ రాజధానిలో మేముండే ద్వారకకు మెట్రో వచ్చిన కొత్తలో ఒక ఉదయం ఆఫీసుకు వెళ్తూ పేపరు చదువుతుంటే కుడి కంట్లో నలక పడింది. దాన్ని నలుపుకుంటూ ఎడమ కంటితో చదవబోతే అక్షరాల వరుస నడుము విరిగినట్టు వంగింది. మధ్యలో పొగ. కళ్ళజోడు మూడుసార్లు తుడిచాను. సర్కారీ గుమాస్తాను కదా, "చూద్దాం" అనుకున్నాను. పది రోజులు చూద్దాం, చూద్దాం అంటూనే చూపు ఇంకా తగ్గించుకున్నాను.

చివరికి మా ఆవిడ సుశీల ఆసుపత్రికి లాక్కెళ్ళింది. బీపీ చూసిన నర్సు నన్ను ఇంకోసారి ఎగాదిగా చూసింది. చేతికి పసుపు రంగు డై ఎక్కించి ఆంజియోగ్రఫీ, ఆ తర్వాత కంటి లోపలి వాపు కొలిచే ఓసీటీ స్కాన్ చేశారు.

"బ్రాంచ్ రెటీనల్ వెయిన్ అక్లూజన్" అంది డాక్టరమ్మ. నా మొహం చూసి విడమరిచింది. "ఆంఖ్ కీ నస్ బ్లాక్ హో గయీ. రెటీనా మే సూజన్ హై." బీపీ ఎక్కువై కంటి రక్తనాళం మూసుకుపోయి, లోపలి తెర రెటీనా వాచిందట. వాపు తగ్గడానికి నెలకొక అవాస్టిన్ ఇంజెక్షన్.

"చేతికా డాక్టర్?"

"ఆంఖ్ మే, సర్."

కంట్లో సూది అనగానే సుశీల నా చెయ్యి పట్టుకుంది. పడిపోకుండానో, పారిపోకుండానో తెలియదు.

చుక్కలు వేసి, రెప్ప పడకుండా క్లిప్పు పెట్టి, "ఊపర్ దేఖియే" అని పైకి చూడమంటారు. నొప్పి తక్కువే. సూది వస్తోందని తెలిసీ కన్ను మూసుకోలేకపోవడమే నరకం. ముందురోజు నుంచే అన్నం సయించేది కాదు.

మూడో సూది తర్వాత చెకప్. చార్టు గది తలుపు తెరిచే ఉంది. బయట గంటసేపు కూర్చుని, నా ముందువాళ్ళు చదివిన అక్షరాలే వింటూ ఉన్నాను. డిపార్ట్‌మెంటు పరీక్షలన్నీ బట్టీతో గట్టెక్కినవాణ్ణి. నా వంతు వచ్చింది. కుడి కన్ను మూసి మూడు వరుసలు చదివాను. నాలుగోది మసక. నోరు మాత్రం ఆగలేదు, అడుగు వరుస దాకా ఒప్పజెప్పేసింది.

"వెరీ గుడ్ అంకుల్!" అంది చార్టు చూపే అమ్మాయి.

"బహుత్ అచ్ఛా! అభీ ఇంజెక్షన్ రోక్తే హై. దో మహీనే బాద్ ఆయియే" అంది డాక్టరమ్మ. సూదులు ఆపి రెండు నెలలకు రమ్మంది, ఓసీటీ కూడా అప్పుడేనట.

చెప్పాల్సింది ఆ క్షణంలోనే. సూది తప్పిందన్న సంబరం ఒకవైపు, సంతోషంతో కళ్ళు తుడుచుకుంటున్న సుశీల ఒకవైపు. చెప్పకుండానే బయటికి నడిచాను.

రెండు నెలలకు వెళ్ళేసరికి పొగ గోడయింది. వాపు మునుపటికంటే ఎక్కువ. మళ్ళీ రెండు సూదులు వేసినా ఫలితం లేదు. రెటీనా నడిమధ్య, సూటిగా చూసే చోటైన మాక్యులా పాడైందన్నారు. ఆ రోజు చార్టు చూడకుండా ఒప్పజెప్పానని అప్పుడు ఒప్పుకున్నాను.

డాక్టరమ్మ ఫైలు మూసింది. "యే కోయీ ఎగ్జామ్ థోడే హీ థా, సర్?" అంది, ఇదేమీ పరీక్ష కాదుగా అన్నట్టు.

"అప్పుడే చెప్పుంటే బాగయ్యేదా?"

"శాయద్."

బహుశా అట. కాదు అని ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చాక సుశీల అడిగింది. "నాకైనా చెప్పలేదేమండీ?"

"నువ్వు సంతోషంగా ఉన్నావు కదా."

"ఏడ్చేదాన్ని. ఏడిస్తే ఏం, అరిగిపోతానా?"

ఇప్పుడు ఎడమ కంటితో చూస్తే సుశీల చెవికమ్మలు కనబడతాయి, వాటి మధ్య ముఖం ఉండదు. రెండో కన్నుకూ ఇది రావచ్చన్నారు. బీపీ మాత్ర మానడం లేదు, భయమూ మానడం లేదు.

చార్టు ముందు కూర్చునేవారికి నాదొకటే మాట. కనబడని అక్షరం దగ్గర ఆగి, "కనబడటం లేదు" అనండి. మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టింది ఆ మాట వినడానికే.