నస్రీన్ మేడం సంతకం పెట్టిన పేజీ

ఈ ఉదయం కణాలను స్థిరపరిచే ద్రావణం కలుపుతుంటే ఫార్మలిన్ ఘాటు కళ్ళకు కొట్టింది. ఆ వాసన తగిలితే చాలు, కరీంనగర్‌లో మా డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్, అక్కడ పాఠం చెప్పిన నస్రీన్ మేడం గుర్తొస్తారు.

చొప్పదండి నుంచి బస్సులో వచ్చే నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ప్రాక్టికల్ రికార్డు మాత్రం అందరిలాగే సీనియర్లది చూసి ముందురోజే నింపుకునేదాన్ని. బుగ్గ కణాలు చూడాల్సిన రోజు మేడం నా రంగుల బొమ్మ చూసి, నా మైక్రోస్కోపులోకి వంగారు.

"దీంట్ల నీకేం కనబడ్డది బేటా?"

"ఏం కనబడలే మేడం."

"మరి గీ బొమ్మ యాడికెల్లి వచ్చింది?"

ఆమె కొత్త పేజీ తిప్పి, "కనబడలే అని రాయి" అన్నారు. రాశాను. కింద సంతకం పెట్టారు.

ఏడాది చివర పరీక్షకు బయటి నుంచి వచ్చిన సార్ ఆ పేజీ చూసి, "తెల్లకాగితానికి మార్కులెయ్యాల్నా మేడం?" అని నవ్వారు.

మేడం నవ్వలేదు. క్లాసంతా వింటుండగానే అన్నారు: "గీ పిల్ల ఒక్కతే చూసింది సార్. మిగిలినోళ్ళంత సీనియర్ల బొమ్మలు ఎక్కించుకున్నరు."

మరునాడు బస్సెక్కితే నా క్లాసు అమ్మాయే, "చూసినామె వస్తుందే, జర జరుగుర్రి" అంది. అందరూ జరిగారు. నా పక్క సీటు చాలా రోజులు ఖాళీగానే ఉంది.

ఇప్పుడు హైదరాబాదులో నా పరిశోధన, మనిషి కణం గాజుపలకను పట్టుకునే చోట ఏ ప్రోటీన్ ఎక్కడుందో చూడటం. మామూలు మైక్రోస్కోపులో ఆ పట్టు ఒక మసక గీత. మా యంత్రం కింద అణువులు కొన్ని కొన్నిగా మెరుస్తాయి. వేల చిత్రాల్లో ఆ మెరుపుల చోట్లు గుర్తిస్తే గీత లోపలి అమరిక తేలుతుంది. పోయిన వారం నా గీత రెండు వరసలుగా విడిపోయింది. గైడు సార్ ఆ బొమ్మను గోడకు అంటించి, నా థీసిస్‌కు ఇదొక్కటి చాలన్నారు. నిన్న చీకటి గదిలో ఒక్కదాన్నే మళ్ళీ చూస్తుంటే, పలక కదిలితే తెలియడానికని గాజుకు అతికించిన మెరిసే పూస కూడా రెండుగా ఉంది. ఉన్న పూస ఒకటే. కదలికను సరిచేసే లెక్క నేనే మరిచాను. చేశాక మిగిలింది ఒకటే గీత.

పొద్దున సార్ గదికి వెళ్ళాను. "సార్, రెండు వరసలు లేవు. పలక జరిగింది."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచా?"

"అవును సార్."

గోడ మీది బొమ్మ ఆయనే ఊడదీశారు.

మధ్యాహ్నం ల్యాబువాళ్ళందరూ ఖాళీ అయిన గోడ చూసి భోజనానికి వెళ్ళారు. నన్ను పిలవలేదు. మేడంకు చెప్పుకోవాలనిపించింది. ఆమె పోయి రెండేళ్ళయింది. ఉన్నన్నాళ్ళూ ఏం మాట్లాడాలో తెలియక ఒక్కసారీ ఫోన్ చేయలేదు. స్టాఫ్‌రూములో కిటికీ పక్కన ఆమె ఎప్పుడూ ఒక్కరే తినేవారు. ఎందుకని నేను ఏనాడూ ఆలోచించలేదు.

కొత్త పలక మీద కణాలు వేసి, చేతులు కడుక్కొని, నా టిఫిన్ డబ్బా తెరిచాను.