ప్రభుదాసు గారు అడిగిన దారి

ఆదివారం ఆరాధన ముగించుకుని బయటికి వస్తుండగా మార్తమ్మ గారు ఫోన్ చేశారు. "మీ సార్ వెళ్లిపోయారమ్మా" అన్నారు, అంతే. అగ్నిమాపక శాఖలో అధికారిగా పనిచేసి పదవీవిరమణ చేసిన ఆమె భర్త ప్రభుదాసు గారు తెనాలిలోని ఒక ఆసుపత్రిలో తుదిశ్వాస విడిచారు. పక్షవాతంతో పది రోజులుగా మాట లేక పడి ఉన్నారు. ఊహించని వార్త కాదు. అయినా ఇంటికి పోకుండా, చర్చి నుంచే తెనాలి బయలుదేరాను.

భట్టిప్రోలులో వ్యవసాయ కూలీల ఇంట జన్మించిన ఆయన, మంటలు ఆర్పడం కన్నా అవి పుట్టకముందే భవనాలను పరీక్షించడం ఉత్తమధర్మమని విశ్వసించారు. "మేం బండేసుకుని వచ్చామంటే అప్పటికే ఓడిపోయినట్టమ్మా" అనేవారు.

నేను రేపల్లెలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నర్సుగా ఉండగా తనిఖీకి వచ్చారు. గోడకున్న ఎర్ర సిలిండర్లను ఒక్క చూపు చూసి, తిన్నగా మొదటి అంతస్తులోని పసిపిల్లల వార్డుకొచ్చారు.

"అమ్మాయ్, కరెంటు పోయి పొగ కమ్మేసిందనుకో. ఈ పిల్లల్ని ఎటు తీసుకెళ్తావు?"

"మెట్ల మీద నుంచండి."

"మెట్ల నిండా పొగే. అప్పుడేంటి?"

ఆ భవనంలో ఉన్నది ఒకటే మెట్లదారి. రెండో మెట్లు కట్టాలని నోటీసు రాశారు. వార్డు కిటికీ కింద పోర్టికో శ్లాబు ఉందని గమనించి, ఆ ఊచల గ్రిల్లును తలుపులా తెరుచుకునేట్టు మార్పించారు. కళ్లు మూయించి, నా బల్ల దగ్గర్నుంచి కిటికీ దాకా నాలుగుసార్లు నడిపించారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

గ్రిల్లు మారింది. మెట్లు మాత్రం వాయిదాల్లోనే ఉండిపోయాయి. మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం కింది గదిలో ఏసీ కాలి, నిమిషాల్లో పొగ పైకెగసింది. ఏమీ కనిపించలేదు. కాళ్లే కిటికీ దగ్గరికి తీసుకెళ్లాయి. పిల్లలందరినీ శ్లాబు మీదికి అందించాను. రెండో అంతస్తులో, కాలికి ఆపరేషన్ అయిన జంపని గ్రామపు రైతు ఒకాయన దిగలేక ఊపిరాడక ప్రాణం విడిచారు.

ఆ రైతు కూతురు ప్రభుదాసు గారిని నిలదీసింది. "మీరు ముందే చూశారంట కదండీ? చూసి ఎందుకూరుకున్నారండీ?"

"రాశానమ్మా" అన్నారాయన.

తర్వాత నాతో అన్నారు: "రాశానమ్మా అన్నాను చూడు, అంతకన్నా సిగ్గుమాలిన మాట నా జన్మలో అనలేదు."

విశ్రాంత జీవితంలో విశ్రాంతి ఎరుగరు. పొన్నూరు, బాపట్ల బస్సులెక్కి, పాఠశాలలూ కల్యాణమండపాలూ తిరిగేవారు. కొందరు కాఫీ ఇచ్చి సాగనంపేవారు. బాపట్లలో ఒక మండపం మేనేజరు, "శుభమా అని పెళ్లి జరుగుతుంటే మంటల మాటేంటి బాబాయ్?" అన్నాడట. పెళ్లి అయ్యేదాకా ఆయన వెనక ద్వారం తెరిపించి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మార్తమ్మ గారు ఈ సంగతి నవ్వుతూ చెప్పేవారు.

ఆసుపత్రిలో చూడబోయిన రోజున ఆయన ఎడమచేయి కష్టంగా పైకెత్తారు. దాహమేమో అనుకున్నాను. బైబిలేమో అని మార్తమ్మ గారు అందించారు. కాదు. వేలు చూపినవైపు చూశాను. వార్డు బయట, అత్యవసర ద్వారానికి వెళ్లే దారినిండా ఆక్సిజన్ సిలిండర్లు, విరిగిన మంచాలు.

డ్యూటీ నర్సుకు చెప్పాను. "నిజమేనక్కా, పెట్టడానికి వేరే చోటు లేదండి. పైవాళ్లకి చెప్తాం" అంది. నేనూ నర్సునే. ఆ పిల్లనేమనగలను? తిరిగొచ్చి, "చెప్పాను సార్, రేపు తీసేస్తారు" అన్నాను. ఆయన చాలాసేపు నా ముఖంలోకే చూశారు. మర్నాడూ వేలు అటే. నేనూ మరో రోగి బంధువూ కలిసి రెండు మంచాలు పక్కకు జరిపాం. తెల్లవారేసరికి అవి మళ్లీ యథాస్థానంలో ఉన్నాయి.

ఆదివారం నేను చేరేసరికి ఆయన పార్థివదేహాన్ని తరలిస్తున్నారు. దగ్గరి ద్వారానికి దారి లేక, స్ట్రెచరును ఏటవాలుగా వంచి, ఇరుకు నడవలో చుట్టూ తిప్పి తీసుకెళ్లారు.

అంత శ్రద్ధతో ఒక భవనాన్ని చూసే కళ్లు ఈ ప్రాంతంలో మళ్లీ తెరుచుకుంటాయన్న ఆశ నాకు లేదు. సార్, అందరూ మీ ఆత్మశాంతికి ప్రార్థిస్తున్నారు. నాకు ఆ మాట నోట రావడం లేదు. తీసేస్తారని మీకు అబద్ధం చెప్పాను. క్షమించండి.