శాంపిల్ చూడకుండా కొన్న డ్రమ్ములు

పదో తరగతి రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ సైన్సే. మా మాస్టారు నా పేపరు పైకెత్తి, "వీడు నీళ్లు కాచినా మాడిపోతాయిరా" అని క్లాసందరికీ చెప్పారు. అలాంటివాడి చేతికి న్యూజెర్సీలో ఒక పెయింట్ ఫ్యాక్టరీవాళ్లు కెమికల్స్ కొనే ఉద్యోగం ఇచ్చారంటే తప్పు నాది కాదు, అమెరికాది.

మా అక్క ఇక్కడ సిటిజన్ అయ్యాక నా కాగితాలు పెట్టింది. అవి నడిచి నడిచి నా దాకా వచ్చేసరికి జుట్టు నెరిసింది. గ్రీన్ కార్డు చేతికొచ్చాక ఈ ఫ్యాక్టరీ గోడౌన్‌లో డ్రమ్ములు దొర్లించాను. ఏ డ్రమ్ములో ఏముందో వాసన చూసి చెబుతున్నానని కొన్నేళ్లకి కొనుగోళ్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

వాటర్ పెయింట్ అంటే రంగూ నీళ్లూ కలిపేస్తే అయిపోదు. కలిపేటప్పుడు నురగ రాకుండా ఒక మందు, గోడ మీంచి కారకుండా చిక్కబరిచే మందు ఒకటి, డబ్బాలో ఉండగా కుళ్లిపోకుండా ఇంకొకటి. కుండెడు పులుసులో చిటికెడు ఇంగువలాంటివి. ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు, లేకపోతే మాత్రం వీధి వీధికీ తెలుస్తుంది.

వీటిని కొనడానికి ఒక పద్ధతుంది. కొత్తవాళ్ల దగ్గర ఏది తీసుకున్నా ముందు ఒక సీసా శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లాలి. దాన్ని పెయింటులో కలిపి, వెచ్చటి బీరువాలో నాలుగు వారాలు పెడతారు. చెడిపోకపోతే కెమిస్ట్ సంతకం చేయాలి. ఆ తర్వాతే డ్రమ్ములు.

మా కెమిస్ట్ వరంగల్ అమ్మాయి. ఇక్కడే మాస్టర్స్ చేసి హెచ్-1బి మీద పనిచేసేది. ఫ్యాక్టరీలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఆమెకు కారు లేని రోజుల్లో ఏడాదిపాటు మేముండే ఎడిసన్ నుంచి నేనే ఎక్కించుకుని వెళ్లేవాణ్ణి. అన్నా అనేది. నా జోకులకు ఫ్యాక్టరీ మొత్తంలో నవ్వేది కూడా ఆమే. మిగతావాళ్లకు అర్థమయ్యేవి కావు, నా ఇంగ్లిష్ అలాంటిది.

ఆ వేసవిలో, పెయింటు కుళ్లకుండా వేసే మందు అడుగంటింది. ఎప్పుడూ ఇచ్చే కంపెనీ ఇంకో నెల పడుతుందంది. అది లేకపోతే మిక్సర్లు ఆపుకోవాల్సిందే. సరిగ్గా అప్పుడే వేరే కంపెనీ సేల్స్‌మన్ ఒకడు ఫోన్ చేశాడు. గొంతు వినగానే తెలిసిపోయింది, గుంటూరు వైపు.

"మీకెందుకు బాబాయ్ గారూ, అదే సరుకు. డబ్బా ఒక్కటే వేరు. రేపు పొద్దున్నకల్లా మీ గోడౌన్ ముందుంటయ్."

అమెరికావాళ్లనయితే ప్రతి డ్రమ్ముకీ కాగితాలు రెండుసార్లు అడిగేవాణ్ణి. ఇతను బాబాయ్ అన్నాడు. బాబాయ్ అన్నవాణ్ణి కాగితం చూపించమని ఎలా అడగడం? మొహమాటం అడ్డొచ్చింది.

డ్రమ్ములు వచ్చాయి. ఫారం పట్టుకుని ల్యాబ్‌కి వెళ్లాను.

"టెస్ట్ కాలే కదన్నా. గిట్లెట్ల సైన్ చేస్తా?"

"మనోడేనమ్మా. నువ్వు సీసా బీరువాలో పెట్టుకో, నాలుగు వారాలకి ఎలాగూ ఓకే అనే వస్తుంది. ఆ సంతకమేదో ఇప్పుడే పడేశావంటే మిక్సర్లు తిరుగుతాయి."

"ఏమన్న అయితే?"

"అయితే నన్ను ఉరి తియ్యి. తాడు కూడా నేనే కొనిపెడతా, నా పనే అది కదా."

నవ్వింది. అందులో నవ్వు తక్కువ, మొహమాటం ఎక్కువ. ఏడాదిపాటు కారెక్కించుకున్న మనిషికి కాదని చెప్పలేకపోయింది. సంతకం పెట్టింది.

మందు అదే. కానీ సగం ఘాటుది. రెట్టింపు వేయాలన్న సంగతి నేను అడగని ఆ కాగితంలోనే ఉంది. మూడో వారంలో ల్యాబ్ సీసా కంపు కొట్టింది. ఆమె నా బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చేసరికే డబ్బాలు షాపులకు చేరిపోయాయి. ఆగస్టు ఎండకు వాటి మూతలు ఉబ్బాయి. తీస్తే కుళ్లిన గుడ్ల వాసన.

యజమాని మమ్మల్నిద్దర్నీ తన గదిలోకి పిలిచి, అలాంటి డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. దీన్ని ఎవరు ఓకే చేశారు అని అడిగాడు.

భయమేస్తే నాకు జోకు వస్తుంది. "సార్, నా సాక్సులదీ ఇదే వాసన. మా ఆవిడ ఇంకా నన్ను తీసెయ్యలేదు" అన్నాను. ఆయన నవ్వలేదు. నా జోకు అయ్యేదాకా ఆగి ఆమె అంది, సంతకం పెట్టింది నేనేనని.

మిగతాది కూడా చెబుతుందని చూశాను. డ్రమ్ములు ఎవరు తెచ్చారో, సంతకం ఎవరు పెట్టించారో. చెప్పలేదు. నా వైపు చూసింది, అంతే. ఆ మిగతాది చెప్పాల్సింది నేను. నేను డబ్బా వైపు చూశాను.

ఆ సాయంత్రమే ఆమె బ్యాడ్జి తీసేసుకున్నారు. ఉద్యోగం పోతే ఆ వీసా మీద ఇక్కడ ఉండనిచ్చేది అరవై రోజులే. ఆలోపల ఇంకో కంపెనీ దొరకాలి. పెయింట్ ల్యాబులే తక్కువ, వీసా చేసేవి ఇంకా తక్కువ. నా ఉద్యోగం పోతే నాకేం, ఇంకో గోడౌన్‌లో డ్రమ్ములు దొర్లించుకునేవాణ్ణి. ఆ తేడా నాకు ఆ గదిలో ఉండగానే తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. ఈ ఒక్క ముక్క రాయడానికి చాలా కాగితాలు చించాను.

ఆమె అప్లై చేస్తూనే ఉంది. ఫోన్ చేస్తే "చూస్తున్నన్నా" అనేది. నేను జోకు మొదలుపెట్టగానే "వేరే కాల్ వస్తుందన్నా" అని పెట్టేసేది. యాభై ఏడో రోజు మధ్యాహ్నం ఆమెను నేనే నెవార్క్ ఎయిర్‌పోర్టులో దింపాను. దారి పొడుగునా నాకు ఒక్క జోకూ తట్టలేదు. "అద్దం ఎక్కియ్యన్నా, చలైతుంది" అంది. ఆ రోజు మా మాటలన్నీ కలిపి అంతే.

మర్నాడు యజమాని గదికి వెళ్లి అంతా చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఇది అప్పుడే చెప్పాల్సింది అన్నాడు. నన్ను తీసెయ్యలేదు. తీసేసినా బాగుండేది.

ఆదివారం ఆమెకు హైదరాబాద్‌కి ఫోన్ చేశాను.

"సార్‌కి మొత్తం చెప్పేశానమ్మా. తప్పంతా నాదేనని ఆయన మొహం మీదే చెప్పాను."

అటునుంచి ఎక్కడో కుక్కర్ ఈల వేసింది.

"ఎవరికి చెప్పినవన్నా?" అంది. "నేను లేని రూముకా?"