బాలింతకు కొరమీను

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళకు నేను జీవశాస్త్రం చెబుతాను. కొరమీను పాఠమైతే పుస్తకం తెరవక్కర్లేదు. మొప్పలు కాక తలలో గాలికి వేరే అర ఉంటుంది. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతుంది, అందుకే తడి గోనెలో చుట్టినా గంటల తరబడి చావదు. కప్పల్ని, చిన్న చేపల్ని, ఆకలి ముదిరితే సొంత జాతినే మింగేస్తుంది. అలాంటి దుర్మార్గపు చేప వానలు మొదలవగానే నాచు పక్కకు నెట్టి, నీళ్ళమీద తేలే గుడ్లకు కాపలా కూర్చుంటుంది. ఎక్కువగా మగదే. ఎర్రటి పిల్లలు గుంపుగా తిరుగుతుంటే వాటి కిందే తిరుగుతుంది. పిల్లల రంగు మారేదాకా, ఇంచుమించు నెలరోజులు, దగ్గరికొచ్చిన దేన్నయినా కొరుకుతుంది. జాలర్లకు ఈ సంగతి తెలుసు. పిల్లల గుంపు కనబడితే అక్కడే గాలం వేస్తారు. అది ఆకలితో కాదు, కోపంతో పట్టుబడుతుంది.

ఇక్కడ నాన్నల మీద ఒక జోకు వేసేవాణ్ణి. ఇప్పుడు వేయడం లేదు.

పోయిన అక్టోబరులో మా పాప ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. ఆపరేషన్ చేసి తీశారు. నారాయణగూడలో మా ఇంటికి మేమిద్దరమే తిరిగొచ్చాం. మా అమ్మ కాకినాడ నుంచి ఫోన్ చేసి, కుట్లు త్వరగా మానాలంటే కొరమీను పులుసు పెట్టమంది. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక చేప గురించి చెప్పింది పాపం.

చిక్కడపల్లిలో మార్కెట్ పక్క సందులో ఒకామె తొట్టెలో బతికున్న కొరమీనులు అమ్ముతుంది. పాలమూరు నుంచి వచ్చి అడిక్‌మెట్‌లో ఉంటున్న మనిషి. కుట్లకని చెప్పాను.

"బాలెంతకా అన్నా?"

అవునన్నాను. నిజమే కదా. మరి బిడ్డనా, కొడుకా అంది. బిడ్డే అన్నాను. అదీ నిజమే. మూడో ప్రశ్న ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆమె సంబరంగా మంచి చేపను ఏరి, బూడిద రుద్ది, ముక్కలు కోసిచ్చింది. కారం తక్కువేయమంది, పాలు బాగా పడతాయంది. ఇంట్లో నా భార్య ఆ పాలే ఆగక గుండెకు గుడ్డ బిగించి కట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

కుట్లు మానాయి. నేను మాత్రం ప్రతి ఆదివారం వెళుతూనే ఉన్నాను. బిడ్డ మంచిగున్నదా అని చేపలామె అడిగేది. మంచిగుందనేవాణ్ణి. బోర్లా పడిందా అంటే పడిందన్నాను. పళ్ళొస్తున్నాయా అంటే వస్తున్నాయన్నాను. పేరడిగితే మాత్రం ఇంకా పెట్టలేదని తప్పించుకునేవాణ్ణి. సిగ్గుగా ఉండేది, అయినా ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి. చుట్టాలంతా మాకు బాధ కలుగుతుందని ఆ ఊసే ఎత్తరు. వాళ్ళ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా పాప గురించి అడిగే మనిషి ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే.

మొన్న మృగశిర కార్తె నాడు చేప తినాలని జనం సందులో తోసుకుంటున్నారు. ఆ రోజు నా భార్య తనూ వస్తానంది. వద్దనడానికి నాకు సాకు దొరకలేదు. దారంతా నిజం చెప్పేద్దామనుకుంటూనే తొట్టె దాకా వచ్చేశాను.

చేపలామె మమ్మల్ని చూసి కత్తి పక్కన పెట్టింది. "నువ్వేనా అక్కా? బిడ్డనెవరికిచ్చి వచ్చినవ్?"

నేను తొట్టెలోకి చూస్తూ నిలబడ్డాను. గాలానికి కింది పెదవి చీలిన కొరమీను ఒకటి పైకొచ్చి గాలి మింగి మళ్ళీ కిందికి పోయింది. నా భార్య నావైపు చూసింది. ఇన్ని ఆదివారాలు చేప ఎందుకు తెచ్చానో ఆమెకు అప్పుడు అర్థమైంది. నన్ను అక్కడే కడిగేస్తుందనుకున్నాను.

"ఇంట్ల పండుకున్నది," అంది. నా భార్యది ఈ ఊరే, యాసా ఇక్కడిదే. "మా అత్తమ్మ ఉన్నది."

"పేరన్న పెట్టిండ్రా? అన్ననడిగితే చెప్పడు."

నా భార్య ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఒక పేరు చెప్పింది. మా పాపకు పేరుందని నాకు అప్పుడే తెలిసింది.